వేడి మీద విప్పిన మూత

అక్క కారు కింద మొదటి మరకను చూసింది నేనే. అప్పటికి వానలు మొదలై పదకొండు రోజులు. షెడ్డు ముందు గచ్చు మీద, వెనక చక్రాలు రెండింటికీ సరిగ్గా మధ్యన, అరచేయంత వెడల్పున నల్లగా ఉంది. వేలితో అద్ది వాసన చూశాను. గేర్ ఆయిల్. ఆ కుళ్ళు కంపు ఇంకే నూనెకూ ఉండదు.

"బావా, డిఫరెన్షియల్ కారుతోంది."

బావ వంగి చూశాడు. "పినియన్ సీలు. గంట పని," అన్నాడు.

ఆ గంట పని తెమలడానికి మాకు ఒక వానాకాలం పట్టింది. ఈలోపు ఒక మనిషి పోయాడు.

ముందు మెకానిక్ షెడ్డు, వెనక ఇల్లు. షెడ్డులో బావ, నేను. నాకు పదిహేడో ఏట పానా పట్టడం నేర్పింది బావే. అక్క డ్రైవరు. పై ఊరి నుంచి నలుగురు రోగులను వారానికి మూడు రోజులు కింద ఊరి ఆసుపత్రికి డయాలసిస్‌కు తీసుకురావడం, సాయంత్రం మళ్ళీ దింపడం ఆమె పని. వానలు పట్టాయంటే కొండ దారిలో బస్సు ఆగిపోతుంది. ఆ బురదలో ఎక్కగలిగేవి నాలుగు చక్రాలూ లాగే కార్లే. మా చుట్టుపక్కల అలాంటివి పద్నాలుగున్నాయి. పద్నాలుగూ మా షెడ్డుకే వస్తాయి. కానీ వానల్లో ఆ దారి ఎక్కడానికి తెగించేది అక్క ఒక్కతే.

ఆ కార్లకు వెనక చక్రాల మధ్య గుమ్మడికాయంత ఇనుప డబ్బా ఒకటి ఉంటుంది, అదే డిఫరెన్షియల్. ముందు చక్రాలు జారినప్పుడు వెనక చక్రాలను తోసేది అదే. దాన్లో నూనె తగ్గితే లోపలి గేర్ల పళ్ళు ముందు ఏడుస్తాయి, తర్వాత బిగుసుకుపోతాయి. కొండ మలుపులో బిగుసుకుపోతే ఇక చెప్పేదేముంది?

నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు చుట్టే సీలు. బావ దాన్ని మార్చాడు. నేను లైటు పట్టుకున్నాను. వానల ముందు తుప్పు పట్టకుండా నేను కొట్టిన మందు కారు పొట్టంతా నల్లగా, కొత్త బూటులా మెరుస్తోంది. ఆ ఏడే స్ప్రే మిషను కొన్నాను. పద్నాలుగు కార్లకూ కొట్టాను. మొదట అక్క కారుకే, బహుమతిగా, రెండు పూతలు.

సీలును గొట్టంతో తట్టి దించేటప్పుడు బావ కుడిచెయ్యి వణికింది. ఎండాకాలం నుంచీ కొంచెం కొంచెంగా వణుకుతూనే ఉంది. చూడనట్టు నటించడం నాకు అలవాటైంది.

"ఏంట్రా అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు."

"చెయ్యి వణికినా సీలు వంకర పోదు. ఇరవై ఆరేళ్ళు కొట్టాను."

సీలు తొమ్మిది రోజులు ఆగింది.

*

ఈసారి నూనె కంటే ముందు శబ్దం వచ్చింది. సన్నటి ఈల. యాక్సిలరేటర్ తొక్కితే లేస్తుంది, వదిలితే పడిపోతుంది.

ఆ నలుగురు రోగుల్లో ఒకాయన, పై ఊరి దర్జీ, వెనక సీట్లో ఎడమ వైపు కూర్చునేవాడట. ఆ ఈలను మొదట పట్టింది ఆయనే.

"అమ్మాయ్, నీ కారు వెనకాల ఎవర్నో కట్టి ఈడ్చుకెళ్తున్నావే? పాపం, ఏడుస్తున్నాడు."

"మీ మిషనుకు నూనె వేస్తారుగా, ఆ చేత్తోనే దీనికీ రెండు చుక్కలు వేద్దురూ," అందిట అక్క.

ఇంటికొచ్చి మాకు ఈ ముచ్చట చెప్తూ నవ్వింది. నవ్వుతూనే బావ చేతి వంక ఒకసారి చూసింది.

అది బుధవారం. ట్రిప్పు లేని రోజు. కారు చల్లగా ఉంది. చల్లబడిన డిఫరెన్షియల్‌నే విప్పడం మా షెడ్డు పద్ధతి. బావ మోచేతి మీద జానెడు పొడుగున కాలిన మచ్చ ఉంది. వయసులో వేడి మీద మూత విప్పి తెచ్చుకున్న మచ్చ. అందుకే ఎంత తొందరున్నా సరే, కారు ఒక పూట పడుకున్నాకే పానా పెట్టాలి. బావ పెట్టిన ఆ నియమాన్ని నేను ఒక్కసారి కూడా దాటలేదు.

ఈసారి సీలు నేనే ఊడదీశాను. సీలు పెదవి ఆనుకుని తిరిగే ఇనుప పట్టీని తుడిచి గోటితో గీరి చూశాను. గోరు ఎక్కడో తట్టింది. వెంట్రుకంత గీత.

"ఇదిగో. పాత సీలు తీసేటప్పుడు నీ స్క్రూడ్రైవర్ జారింది," అన్నాను.

బావ కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. "ఈ గీతకు ఇంత కారదు."

"మరెందుకు కారుతోంది?"

బావ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. అదే నాకు బలమైంది.

"కొత్త పట్టీ కావాలి. శుక్రవారానికి గానీ రాదు. అప్పటిదాకా కారు కదలదు," అన్నాను.

"రేపు వాళ్ళకు డయాలసిస్ ఉన్న రోజురా. దీన్నే బిగించి, నిండా నూనె పోసి పంపుదాం. మధ్యలో ఒకసారి ఆపి చూసుకుంటే చాలు."

"నీ గీత పెట్టుకుని మా అక్క కొండెక్కాలా?"

ఆ మాటకు షెడ్డు చిన్నబోయింది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. మొగుడి వంక చూసింది. నా వంక చూసింది.

"నువ్వు చెప్పరా. వెళ్ళొచ్చా, వద్దా?"

అడగాల్సింది బావను. ఆ ప్రశ్న నన్ను అడగడం అదే మొదటిసారి. నా ఛాతీ ఎంత ఉబ్బిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"వద్దు," అన్నాను.

అక్క తక్కిన కార్ల వాళ్ళలో నలుగురికి ఫోన్ చేసింది. ఆ దారిలో మావల్ల కాదన్నారు. చివరికి పై ఊరికి చేసి, రేపు రావడం లేదని చెప్పింది. అటు నుంచి దర్జీ గొంతు నాకూ వినిపించింది.

"పర్లేదమ్మా. ఒక్క రోజుకు ఏమవుతుంది?"

శుక్రవారం కొత్త పట్టీ వచ్చింది. నేనే బిగించాను. నా చెయ్యి వణకలేదు. శనివారం ఉదయం అక్క వెళ్ళేసరికి దర్జీ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. అక్కా, ఆయన కూతురూ కలిసి ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టారు. దారి పొడుగునా కారు నిశ్శబ్దంగా నడిచింది. మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రిలో పోయాడు.

అక్క ఇంటికొచ్చి వంటగదిలో గోడకు ఆనుకుని కూలబడింది. బావ నీళ్ళ గ్లాసు తెచ్చాడు. అందుకోబోతే అది వణికి, నీళ్ళు అక్క ఒళ్ళో ఒలికాయి.

అప్పుడు నేను నోరు జారాను. జారడం కూడా కాదు. అనాలనే అన్నాను.

"ఆ చెయ్యి వణక్కుండా ఉంటే ఆయన ఇవాళ బతికుండేవాడు."

బావ గ్లాసు కింద పెట్టి షెడ్డులోకి వెళ్ళాడు. మర్నాటి నుంచి ఆయన పానా ముట్టలేదు. షెడ్డు ఊడ్చేవాడు. కార్లు కడిగేవాడు. నేను పని చేస్తుంటే అడగకముందే లైటు పట్టుకునేవాడు, నాకు నేర్పే రోజుల్లో నేను ఆయనకు పట్టినట్టు. ఇంట్లో ఆయనా, అక్కా మాట్లాడుకోవడం మానేశారు. అన్నం పెట్టేటప్పుడు కంచం చప్పుడు మాత్రం వినపడేది.

*

పది రోజులకు మళ్ళీ మరక.

కొత్త సీలు, కొత్త పట్టీ, వణకని చెయ్యి. అయినా మరక. నేను కారు కింద పడుకుని ఆ చుక్కను చూస్తూ ఉండిపోయాను. లోపల ఏదో అంటోంది, బావ తప్పు కాదేమోరా అని. దాని నోరు నొక్కేశాను. మొదటిసారి గీత పడి కారినప్పుడే బేరింగ్ దెబ్బతిని ఉంటుంది, అది వదులై ఇప్పుడు సీలును తింటోంది, మూలం మళ్ళీ ఆ చెయ్యే. మనిషి తనను తాను కాపాడుకోవాలనుకుంటే ఎంత బాగా లెక్క అల్లుకుంటాడో!

మూడోసారి సీలు మార్చాను. ఐదు రోజులు ఆగింది. వాన మాత్రం ఆగలేదు. ఈల ఇప్పుడు మూలుగైంది. పంతులమ్మ, పై ఊళ్ళో రిటైరైన టీచరు, చెవుల్లో దూది పెట్టుకుని కారెక్కుతోంది. ఒక్క ట్రిప్పు మానేస్తే ఏమవుతుందో ఇప్పుడు మిగిలిన ముగ్గురికీ తెలుసు. అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు. అక్కకు నిద్ర లేక కళ్ళ కింద గుంటలు పడ్డాయి.

"ఇవాళ నాతో రారా," అంది ఒక మంగళవారం. "ఈ మోత వింటూ ఒక్కదాన్నే నడపలేను."

నేను ముందు సీట్లో ఎక్కాను. కారు కదలబోతుంటే వెనక తలుపు తెరుచుకుంది. బావ. ఒళ్ళో నూనె డబ్బా, భుజాన పానాల సంచి. అక్క అద్దంలో చూసింది. గేరు వేసింది.

పై ఊరి నుంచి ముగ్గురినీ ఎక్కించుకుని దిగుతున్నాం. వాగు దాటాక మధ్యలో ఒక ఎత్తు వస్తుంది. బురద అంతా అక్కడే. కారు లాగడం మొదలుపెట్టగానే వెనక డబ్బాలోంచి వచ్చిన కేకకు పంతులమ్మ దేవుడా అంది. మాడు వాసన. అద్దంలో పొగ.

అక్క కారు ఆపి హ్యాండ్‌బ్రేక్ లాగింది. "అయిపోయింది," అంది, ఏ భావమూ లేకుండా. అది ఏడుపు కంటే భయంగా ఉంది.

నేను వానలోనే కారు కిందికి దూరాను. డబ్బా కింది భాగమంతా నూనె. ముట్టుకుంటే కాలిపోయేట్టుంది.

"నూనె అయిపోవచ్చింది. పోయాలి. కానీ చల్లారాలి. గంటన్నా పడుతుంది," అన్నాను.

బావ అప్పటికే నా పక్కన బురదలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. "ఇది చల్లారేదాకా కూర్చుంటే లోపల పంతులమ్మ చల్లారిపోతుంది. పానా ఇవ్వు."

"వేడి మీదా? నువ్వేగా ఎప్పుడూ..."

"నేనే. ఇవ్వరా."

సంచిలోంచి తీసి ఇచ్చాను. నెల రోజుల తర్వాత ఆ చేతిలో పానా. చెయ్యి వణుకుతోంది. రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకుని, నూనె నింపే మూత మీద పానా ఆన్చి, నొక్కాడు. మూత ఒక చుట్టు తిరిగింది.

పుస్సుమంది.

సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు, పొడుగ్గా, తాపీగా. దాంతోపాటు సలసలా కాగే నూనె తుంపర్లు బావ చేతి మీద పడ్డాయి. ఆయన చెయ్యి తీయలేదు. తల ఒక పక్కకు వంచి ఆ గాలి పూర్తిగా పోయేదాకా విన్నాడు.

లోపల గాలి బిగిసి ఉంది. వేడెక్కిన గాలికి పోయే దారి లేక నూనెను సీలు మీదికి తోస్తోంది. ఏ సీలైనా, ఎవరు కొట్టినా, అలా తోస్తుంటే ఎన్నాళ్ళు ఆగుతుంది? మేం ఎప్పుడూ చల్లారాకే విప్పాం. చల్లారితే ఆ గాలీ అణిగిపోతుంది. అందుకే ఆ చప్పుడు మా షెడ్డులో ఒక్కసారీ వినపడలేదు.

బావ వేళ్ళు డబ్బా పైభాగానికి పాకాయి. కంటికి కనపడని చోట, గాలి పోవడానికి బఠాణీ గింజంత గొట్టం ఒకటి ఉంటుంది. అక్కడ ఆగాయి. గోటితో గీకాడు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచాడు. నల్లటి పెచ్చు ఒకటి ఊడి వచ్చింది. చిన్న టోపీ ఆకారంలో, నున్నగా, మందంగా. నేను కొట్టిన తుప్పు మందు, రెండు పూతలు.

దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

"నూనె డబ్బా అందుకో," అన్నాడు.

మేం నూనె పోశాం. మూత బిగించాం. కారు మూలుగుతూనే ఎత్తెక్కింది, కానీ ఎక్కింది. పది గంటలకల్లా ముగ్గురూ మంచాల మీద ఉన్నారు. అక్క ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, "ఏమైందట?" అని అడిగింది. నేను బావ వంక చూశాను. బావ కుళాయి కింద చేతికి చన్నీళ్ళు పట్టుకుంటున్నాడు.

"నూనె తగ్గింది," అన్నాను.

*

తర్వాతి మూడు రోజులు నేను ఇనుప తీగ పట్టుకుని తిరిగాను. నేను నల్లరంగు పూసిన కార్లు ఇంకా పదమూడున్నాయి. ప్రతి వాకిట్లో బురదలో దూరి, ప్రతి కారుకూ ఆ టోపీ పీకాను. నాలుగు అప్పటికే కారుతున్నాయి. ఒకాయన, "మీ బావ చెయ్యి పడిన కారేగా, కారకేం చేస్తుంది?" అని నవ్వాడు. ఆ మాట ఊళ్ళోకి ఎలా వెళ్ళిందో నాకు తెలుసు. నేనే మోశాను. ఎందుకొచ్చావని అడిగితే, ఊరికే చూసిపోదామని, అన్నాను. పదమూడు చోట్లా అదే అబద్ధం.

శుక్రవారం అక్క కారుకు కొత్త బేరింగులు వేశాను. బావ లైటు పట్టుకున్నాడు. కాలిన చేతికి గుడ్డ చుట్టి ఉంది.

"అక్కకు చెప్పావా?" అని అడిగాను, కారు కింద నుంచే. మొహం చూస్తూ అడిగే ధైర్యం లేదు.

"లేదు."

"ఎందుకు?"

"నేను చెప్తే నీ మీదికి తోసేసినట్టుంటుంది. నీకు నోరుందిగా. నన్ను అన్నప్పుడు బాగానే పనిచేసింది."

లైటు కదలకుండా పట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే అక్కకు చెప్పాను. జేబులోంచి ఆ నల్ల పెచ్చు తీసి వంటగది గట్టు మీద పెట్టి, మొదటి నుంచీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. అక్క దాన్ని వేలితో అటూ ఇటూ దొర్లించింది.

"నేను నిన్ను అడిగాను," అంది చివరికి. "ఆయన్ని అడగాల్సిన మాట నిన్ను అడిగాను." తర్వాత, "దర్జీ కూతురికి ఎవరు చెప్తారు?"

"నేనే."

"రేపు కారెక్కు."

*

శనివారం కొండ ఎక్కుతున్నంతసేపూ వెనక నుంచి ఒక్క చప్పుడు లేదు. ఎన్నాళ్ళు మొక్కుకున్నానో ఆ నిశ్శబ్దం కోసం. ఇప్పుడది చెవుల్లో గుచ్చుకుంటోంది. కారు మళ్ళీ మూలిగితే బాగుండు, ఆగిపోతే బాగుండు అనిపించింది.

దర్జీ ఇంటి ముందు గదిలో మిషను దగ్గర కూతురు కూర్చుని ఉంది. తండ్రి సగంలో వదిలిన కోటును పూర్తి చేస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయి. అక్కను చూసి లేచింది. నన్ను చూసి, "మీరు మెకానిక్ గారి బామ్మర్ది కదూ?" అంది.

"అవునండీ."

"మీ బావగారు వచ్చారు. నాన్న పోయిన వారానికి. నడిచే వచ్చారు, మోకాళ్ళ దాకా బురదతో. నా చెయ్యి వల్లే జరిగిందమ్మా అన్నారు."

అక్క గుమ్మం పట్టుకుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు.

"నేనేమన్నానో చెప్పారా?"

"లేదండీ. ఏమీ చెప్పలేదు."

"ఆ చెయ్యి పడిపోవాలి అన్నాను. సరేనమ్మా అని తలూపి వెళ్ళిపోయారు." సూది దారం కొరికి తెంపింది. "ఇప్పుడు మీరెందుకొచ్చారు?"

చెప్పాను. గొట్టం సంగతి, రెండు పూతల సంగతి. ఆ బుధవారం బావ నూనె పోసి పంపుదామన్న సంగతి, నేను వద్దన్న సంగతి. వంటగదిలో నేనన్న మాటతో సహా అన్నీ చెప్పాను. నేను ఆపాక, ఆమె చేతిలో కోటును మడత మీద మడత పెట్టి మిషను మీద ఉంచింది. చెప్పులు వేసుకుంది.

"మీరు ఎలాగూ కిందికే వెళ్తున్నారుగా?" అని అక్కను అడిగింది. "పదండి."

వెనక సీట్లో ఎడమ వైపు కూర్చుంది. పంతులమ్మా, మిగతా ఇద్దరూ ఎక్కారు. ఆసుపత్రి దగ్గర వాళ్ళను దింపి అక్క కారును నేరుగా షెడ్డుకు తెచ్చింది.

బావ గచ్చు ఊడుస్తున్నాడు. కారు దిగిన మనిషిని చూసి చీపురు పట్టుకునే నిలబడిపోయాడు. మళ్ళీ తిట్టించుకోవడానికి సిద్ధపడ్డట్టు తల దించుకున్నాడు. ఆమె నన్ను దాటుకుని వెళ్ళి, ఆ చీపురు తీసి గోడకు ఆనించింది. గుడ్డ చుట్టిన ఆ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏదో అంది. నాకు వినపడలేదు. చేతులు మాత్రం కనపడుతున్నాయి. వణుకుతున్నాయి. అవి ఎవరివో అంత దూరం నుంచి తెలియలేదు.

అక్క కారు తాళం వేసి వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

నన్ను ఎవరూ పిలవలేదు. దర్జీ కూతురు తిరిగొచ్చేటప్పుడు నా పక్క నుంచే వెళ్తుంది, ఒక్క తిట్టయినా తిడుతుంది అనుకుంటూ గేటు దగ్గర నిలబడ్డాను. వెళ్ళింది. తిట్టలేదు.